చేతులు మారే వేళ రోగి ఎవరి బాధ్యత?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఆసుపత్రిలో ఒకరి డ్యూటీ ముగిసి మరొకరు డ్యూటీ ఎక్కేటప్పుడు, లేదా రోగిని ఒక విభాగం నుంచి మరో విభాగానికి పంపేటప్పుడు, అతని వివరాలతో పాటు అతని బాధ్యత కూడా చేతులు మారుతుంది. నర్సులు దీనిని ‘ఓవర్ ఇవ్వడం’, ‘ఓవర్ తీసుకోవడం’ అంటారు. నాణ్యతా ప్రమాణాల పుస్తకాలు హ్యాండోవర్ అంటాయి. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్న రోగి విషయంలో, రోజుకు మూడు షిఫ్టుల లెక్కన, నర్సుల మధ్యే సుమారు పదిహేను సార్లు ఓవర్ జరుగుతుంది. డాక్టర్ల డ్యూటీ మార్పులు, థియేటర్‌కూ స్కానింగ్‌కూ ఐసీయూకూ జరిగే రాకపోకలు దీనికి అదనం. వచ్చిన వాటిలో ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మగారికి తుంటి ఎముక విరిగితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. రెండు రోజులు ఐసీయూలో ఉంచి, మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో వార్డుకు మార్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ రెండింటికి పొట్ట మీద ఇచ్చే ఇంజెక్షన్ ఆ రోజు పడలేదని మర్నాడు ఉదయం రౌండ్స్‌లో డాక్టరుగారు గుర్తించారు. వార్డులో ఇస్తారనుకున్నామని ఐసీయూవారు, ఇచ్చే పంపి ఉంటారనుకున్నామని వార్డువారు చెప్పారు. దేవుడి దయవల్ల అమ్మకు ఏమీ కాలేదు. కానీ వార్డు సిస్టర్‌కు మెమో ఇచ్చారు. ఆ అమ్మాయి ఏడుస్తుంటే నాకే మనసు కష్టమైంది. తప్పు నిజంగా ఆమెదేనా?
— ఒక బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: మీరు సమయం రాయడం మంచిదైంది, ఎందుకంటే ఈ కథంతా మధ్యాహ్నం రెండు అన్న ఆ సమయంలోనే ఉంది. థియేటర్ నుంచి రాబోతున్న మరో రోగికి మంచం కావలసి వచ్చి, ఐసీయూవారు ఒంటిగంటన్నరకు మీ అమ్మగారిని వార్డుకు పంపే ఏర్పాటు మొదలుపెట్టి ఉంటారు. పంపిన సిస్టర్ ఉదయం డ్యూటీలో ఉన్నవారు, అందుకున్న సిస్టర్ కూడా ఉదయం డ్యూటీలో ఉన్నవారే. ఆ తరువాత పది, పదిహేను నిమిషాలకే వార్డు సిస్టర్ డ్యూటీ దిగిపోయి మధ్యాహ్నం సిస్టర్‌కు ఓవర్ ఇచ్చి ఉంటారు. అంటే ఒక్క అరగంటలో మీ అమ్మగారి సంగతి ముగ్గురి చేతులు దాటింది. మెమో అందుకున్న మూడో మనిషి మీ అమ్మగారిని ఐసీయూలో చూడనే లేదు.

స్థలం మారడం, డ్యూటీ మారడం ఒకేసారి జరిగితే ఓవర్ తప్పడం యాదృచ్ఛికం కాదు, దాదాపు ఎదురుచూడవలసిన విషయం. దానిని ఆపగలిగింది సిస్టర్ జ్ఞాపకశక్తి కాదు, ఆసుపత్రి పెట్టుకునే నియమం. అత్యవసరమైతే తప్ప డ్యూటీ మారే సమయానికి అటూ ఇటూ అరగంట పాటు విభాగాల మధ్య రోగులను మార్చకూడదని కొన్ని ఆసుపత్రులు రాసిపెట్టుకున్నాయి. రోగితో పాటు వెళ్లే మందుల పట్టికలో చివరి మోతాదు ఎప్పుడు పడిందో మాత్రమే కాక, తరువాతిది ఎన్ని గంటలకు ఎవరు ఇవ్వాలో కూడా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ క్షణం దాకా రోగి ఐసీయూ బాధ్యత, ఏ క్షణం నుంచి వార్డు బాధ్యత అన్నది కాగితం మీద తేలి ఉండాలి. ‘అనుకున్నాం’ అన్న మాట రెండు వైపుల నుంచీ వినిపించిందంటే ఆ గీత ఎవరూ గీయలేదని అర్థం.

ఇక మెమో సంగతి. దానివల్ల ఆ వార్డులో ఇంకో ఇంజెక్షన్ తప్పిపోకుండా ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. తప్పిపోతే దాన్ని కేస్ షీట్‌లో దాచే నేర్పు మాత్రం పెరుగుతుంది. మీకు ఓపిక ఉంటే ఆసుపత్రి నాణ్యతా విభాగానికి ఒక ఉత్తరం రాయండి. సిస్టర్‌ను క్షమించమని కాదు, ఐసీయూ నుంచి వార్డుకు మార్చే పద్ధతిలో ఈ సంఘటన తరువాత ఏం మార్చారో తెలియజేయమని అడగండి.

ప్రశ్న: నేను ముప్పై పడకల వార్డులో స్టాఫ్ నర్సును. మూడు నెలల క్రితం మా మేనేజ్‌మెంటు ఎస్‌బార్ అనే నాలుగు గళ్ల ఫారం తెచ్చి, ప్రతి ఓవర్‌లో ప్రతి రోగికీ నింపమని చెప్పి, ఒక గంట క్లాసు పెట్టింది. మొదటి రెండు వారాలు నింపాం. ఇప్పుడు ఎవరూ నింపడం లేదు. రెండు గంటలకు మేము దిగాలి, రెండు గంటలకే వచ్చేవాళ్లు ఎక్కాలి. మధ్యలో డిశ్చార్జి బిల్లులు, ఫార్మసీకి తిరిగి పంపే మందులు, అటెండెంట్ల ప్రశ్నలు. ‘మీకు నిబద్ధత లేదు’ అంటున్నారు. లోపం మాలో ఉందా, ఫారంలో ఉందా?
— ఒక స్టాఫ్ నర్సు, హైదరాబాద్

జవాబు: అమ్మా, రెండు గంటలకు దిగాలి, రెండు గంటలకే ఎక్కాలి అన్న మీ మాటలోనే జవాబు ఉంది. ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8: ఈ మూడింటినీ కలిపితే సరిగ్గా 24 గంటలు వస్తుంది. ఓవర్‌కు డ్యూటీ చార్టులో ఒక్క నిమిషం కూడా లేదు. లేని సమయాన్ని ఎవరో ఒకరు తమ సొంత సమయంలోంచి తీసి ఇవ్వాలి. దిగే సిస్టర్ జీతం లేకుండా రెండున్నర దాకా నిలబడాలి, లేదా వచ్చే సిస్టర్ ఒంటిగంటన్నరకే రావాలి. హాస్టల్ బస్సు రెండుంబావుకు బయలుదేరుతుందని తెలిసిన మనిషి ముప్పై ఫారాలు నింపదు. ఆమెలో నిబద్ధత లేక కాదు, ఆ పనిని సంస్థ పనిగా లెక్కపెట్టక.

ఎంత సమయం కావాలో అంచనా వేయవచ్చు. అమెరికా, కెనడాల్లోని 9 ఆసుపత్రుల్లో పిల్లల వార్డుల రెసిడెంట్ (శిక్షణలో ఉన్న) డాక్టర్ల మీద జరిగి 2014లో ప్రచురితమైన, ఐ-పాస్ అనే ఓవర్ పద్ధతి అధ్యయనంలో ఒక్కో రోగికి మాటల్లో ఓవర్ ఇవ్వడానికి పట్టిన సమయం సుమారు రెండున్నర నిమిషాలు. కొత్త పద్ధతి రాకముందూ దాదాపు అంతే పట్టింది. అది డాక్టర్ల లెక్కే అయినా మనకు కొలబద్దగా పనికొస్తుంది. ముప్పై మంది రోగులకు 75 నిమిషాలు కావాలి. వార్డులో ముగ్గురు సిస్టర్లు ఉండి తలా పది మందిని పంచుకుంటే ఒక్కొక్కరికి 25 నిమిషాలు. అంటే ప్రతి షిఫ్టుకూ అరగంట అతివ్యాప్తి, అంటే దిగేవారూ ఎక్కేవారూ ఇద్దరూ డ్యూటీలో ఉండే సమయం, పెడితే సరిపోతుంది. ముగ్గురు సిస్టర్లకు, రోజుకు మూడుసార్లు, అరగంట చొప్పున: రోజుకు నాలుగున్నర నర్సు-గంటల జీతం. మీ మేనేజ్‌మెంటు ముందు ఈ లెక్క పెట్టండి. అదే వార్డులో రాత్రి ఇద్దరే ఉంటే తలా పదిహేను మంది, ముప్పై ఏడున్నర నిమిషాలు. జనరల్ వార్డులో బోధనాసుపత్రికి ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రులకు ఐదుగురికి ఒకరు అన్న ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొలత ఎంత దూరాన ఉండిపోయిందో మీకు నేను చెప్పనక్కరలేదు. సిబ్బంది కొరత ఓవర్‌ను రెండు వైపుల నుంచీ నొక్కుతుంది: చెప్పవలసిన రోగులు పెరుగుతారు, వినే ఓపిక తగ్గుతుంది.

ఫారంలో కూడా కొంత లోపం ఉంది. ఎస్‌బార్ పుట్టింది అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో. ఆసుపత్రులకు దానిని మలిచింది కైజర్ పెర్మనెంటే అనే అమెరికా ఆరోగ్య సేవల సంస్థలో పనిచేసినవారు. పరిస్థితి, నేపథ్యం, నా అంచనా, నా సూచన: ఈ నాలుగు మెట్లు ప్రధానంగా ఒక రోగికి ఏదో తేడా చేసినప్పుడు నర్సు డాక్టరుకు ఫోన్ చేసి క్లుప్తంగా చెప్పడానికి పనికొచ్చేవి. షిఫ్టు ఓవర్‌కూ వాడుకోవచ్చు, వాడుతున్నారు కూడా. కానీ నిలకడగా ఉండి రేపు ఇంటికి వెళ్లబోయే రోగికీ, బీపీ పడిపోతున్న రోగికీ ఒకే కొలతలో నాలుగు గళ్లు నింపమనడం ఆ పద్ధతి ఉద్దేశం కాదు. అందుకే ఐ-పాస్‌లో మొట్టమొదటి మెట్టు రోగి తీవ్రత: ఎవరు నిలకడగా ఉన్నారు, ఎవరి మీద కన్ను వేసి ఉంచాలి, ఎవరు ప్రమాదంలో ఉన్నారు. ఆ తరువాత రోగి సంగ్రహం, చేయవలసిన పనులు, ‘ఇలా అయితే ఇలా చేయండి’ అన్న ముందుచూపు, చివరగా విన్నవారు తమ మాటల్లో తిరిగి చెప్పడం. ఈ చివరి మెట్టును మన వార్డుల్లో దాదాపు ఎవరూ పాటించరు. ‘సరే అక్కా, తెలిసింది’ అనేస్తే ఓవర్ అయిపోయినట్టే.

ఆ అధ్యయనం ఫలితాలు మీ మేనేజ్‌మెంటు ఇప్పటికే స్లైడ్‌లో చూపించి ఉంటుంది: 10,740 అడ్మిషన్లలో వైద్య పొరపాట్లు 23 శాతం, నివారించదగిన హాని 30 శాతం తగ్గాయని. స్లైడ్‌లో సాధారణంగా చూపించనిది ఇంకొకటి ఉంది. 9 ఆసుపత్రుల్లో 6 చోట్ల మాత్రమే పొరపాట్లు చెప్పుకోదగినంతగా తగ్గాయి. ఇంగ్లీషులో ఐదక్షరాల ఐ-పాస్ పేరు తొమ్మిది చోట్లా ఒకటే అయినా ఫలితం ఒకటి కాలేదంటే, తేడా ఆ పేరులో లేదు. పైగా అక్కడివారు చేసింది ఫారం పంచడం ఒక్కటే కాదు. వర్క్‌షాపులు పెట్టారు, నటించి చూపించి సాధన చేయించారు, వివరాల పత్రాన్ని మార్చి రాశారు, సీనియర్ డాక్టర్లు ఓవర్ జరుగుతుంటే పక్కన నిలబడి విని అక్కడికక్కడే సరిదిద్దారు. మీ ఆసుపత్రి వాటిలో ఫారాన్ని మాత్రం తెచ్చుకుని మిగిలిందంతా వదిలేసింది. గోపురం కలశం తెచ్చి నేల మీద పెట్టినట్టయింది.

కాగితం అక్కరలేదని మాత్రం నేను అనను. బ్రిటన్‌లో 2005లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో పన్నెండు మంది కల్పిత రోగుల వివరాలను ఐదుసార్లు చేతులు మార్పించారు. నోటిమాటతో మాత్రమే చెప్పినప్పుడు మూడు మార్పులకే వివరాలన్నీ జారిపోయాయి. వింటూ రాసుకున్నప్పుడు ఐదు మార్పుల తరువాత సరిగ్గా మిగిలినవి 31 శాతం. ముందే టైపు చేసిన పత్రం చేతికిచ్చి మాట్లాడినప్పుడు నష్టం బహు స్వల్పం. రోగి పేరు, పడక నంబరు, జబ్బు, అలెర్జీ, ఆపరేషన్ తేదీ వంటి మారని వివరాలను సిస్టర్ మళ్లీ మళ్లీ చేత్తో రాయనక్కరలేకుండా ముద్రించి ఇస్తే, ఆమె పెన్ను ఈ షిఫ్టులో మారిన సంగతుల కోసమే మిగులుతుంది. మీ ఆసుపత్రిలో కంప్యూటర్ రికార్డు ఉంటే ఆ పత్రం దానంతట అదే రావాలి. అదే సమాచారం కేస్ షీట్‌లో ఒకసారి, రిపోర్ట్ బుక్‌లో ఒకసారి, ఎస్‌బార్ ఫారంలో ఇంకోసారి రాయమన్న రోజునే ఫారం చచ్చిపోతుంది.

ఎక్కడ నిలబడి ఓవర్ ఇస్తున్నారన్నది కూడా సంస్థ చేతిలోని విషయమే. నర్సింగ్ స్టేషన్ కౌంటర్ దగ్గర ఇస్తే బిల్లు కోసం వచ్చినవారికీ, మోగే ఫోనుకూ మీరే జవాబు చెప్పాలి. ఆ అరగంట ఒక సిస్టర్ కౌంటర్ చూసుకోవాలని, సందర్శకుల సమయం దానితో ఢీకొనకూడదని, డిశ్చార్జి పనులు ఆ అరగంట ఆగాలని రాతపూర్వకంగా ఉంటే తప్ప మీరు ఆపలేరు. ఆస్ట్రేలియాలో 2011లో వచ్చిన జాతీయ ప్రమాణాల్లో ఓవర్‌ను విడిగా ఒక ప్రమాణంగానే పెట్టారు. అక్కడ రోగి పడక దగ్గరే, రోగిని కూడా కలుపుకుని ఓవర్ ఇవ్వడం బాగా పాతుకుంది. మనకూ అది మంచిదే. డ్రెయిన్‌లో ఎంత పడిందో, సెలైన్ సీసాలో ఎంత ఉందో ఇద్దరూ కళ్లారా చూస్తారు. అయితే పది అడుగుల దూరంలో మరో రోగి బంధువులు ఉన్న వార్డులో హెచ్‌ఐవీ వంటి విషయాన్ని పడక దగ్గర పలకకూడదు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ సమాచారాన్ని గోప్యంగా ఉంచాలంటోంది. అలాంటివి లోపల మాట్లాడుకుని, మిగిలినవి పడక దగ్గర చూసుకోవాలి.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను. ‘నా అంచనా’, ‘నా సూచన’ అన్న గళ్లలో మీరు ఏం రాసేవారు? చాలా వార్డుల్లో అవి ఖాళీగా ఉంటాయి, లేదా ‘డాక్టరుగారి సలహా ప్రకారం’ అని ఉంటాయి. నర్సు అభిప్రాయం చెబితే ‘నువ్వు డాక్టరువా’ అన్న మాట ఒక్కసారి పడినా ఆ గడి ఇక ఎన్నటికీ నిండదు. పైవారు ఆ మాట అనరన్న భరోసా ఫారంతో రాదు. మెడికల్ సూపరింటెండెంట్ నలుగురిలో ఒక్కసారి నర్సు పక్షాన మాట్లాడితే వస్తుంది. కేరళ నుంచి వచ్చిన సిస్టరూ, నిన్న చేరిన ఏజెన్సీ సిస్టరూ, తెలుగు మాత్రమే వచ్చిన సిస్టరూ ఒకే వార్డులో ఉన్నప్పుడు పొట్టి అక్షరాలను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడతారన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆమోదించిన సంక్షిప్తాల జాబితా ఒక్క పేజీ, గోడ మీద ఉంటే చాలు.

చివరగా తనిఖీ. ఇన్‌స్పెక్షన్‌కు ముందు రోజు రాత్రి మూడు నెలల ఫారాలను ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపిన వార్డును నేను చూశాను. ఫారాలు నూటికి నూరు శాతం ఉన్నాయని ఆ వార్డుకు ప్రశంస కూడా వచ్చింది. ఎన్ని ఫారాలు నిండాయన్నది కొలిస్తే ఫారాలే నిండుతాయి. మీ వార్డు ఇన్‌చార్జి సిస్టర్ వారానికి రెండు ఓవర్‌లు పక్కన నిలబడి విని, ఏం వదిలేశారో ఆ ఇద్దరికే చెప్పి వెళ్లడం దానికంటే ఎన్నో రెట్లు మేలు.

ప్రశ్న: నేను ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ పీజీని. ఒక్కోసారి 36 గంటలు డ్యూటీ చేస్తాం. పనిగంటలు తగ్గించాలని మేము అడిగితే, ‘గంటలు తగ్గితే డాక్టర్లు ఎక్కువసార్లు మారతారు, హ్యాండోవర్ తప్పులు పెరుగుతాయి, రోగికే నష్టం’ అని మా ప్రొఫెసర్లు అంటారు. ఇందులో నిజం ఎంత?
— ఒక పీజీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: సగం నిజం ఉంది, అందుకే ఆ వాదన ఇంతకాలం నిలబడింది. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే పద్దెనిమిదేళ్ల యువతి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలకే మరణించిన తరువాత, అలసిన రెసిడెంట్ డాక్టర్ల పనివేళలపై పెద్ద చర్చ జరిగి, 1989లో ఆ రాష్ట్రం వారానికి 80 గంటల పరిమితి తెచ్చింది. 2003లో అది అమెరికా అంతటా శిక్షణ ఆసుపత్రులకు వర్తించింది. గంటలు తగ్గాయి, చేతులు మారడం పెరిగింది. మీ ప్రొఫెసర్లు భయపడేది దీనికే.

ఆ భయానికి ఆధారం లేకపోలేదు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో జరిగి 1994లో ప్రచురితమైన అధ్యయనంలో, నివారించగలిగిన హాని జరిగిన రోగులు ఆ సమయంలో తమ సొంత డాక్టరు కాక వేరే బృందపు డాక్టరు పర్యవేక్షణలో ఉండడం ఎక్కువగా కనిపించింది. కథ అక్కడితో ఆగితే మీ ప్రొఫెసర్లు గెలిచినట్టే. కానీ అదే ఆసుపత్రివారు ఓవర్ వివరాలను కంప్యూటర్‌లో ఒక క్రమంలో రాసి అప్పగించే పద్ధతి పెట్టి మళ్లీ చూస్తే, 1998 నాటి ఫలితాల్లో ఆ అదనపు ప్రమాదం చాలావరకు తగ్గిపోయింది. వేరే డాక్టరు రావడం కాదు, ఏమీ తెలియకుండా రావడం ప్రమాదమని తేలింది.

మన దేశంలో 1992లోనే కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెన్సీ ఆదేశాలు ఏకబిగిన డ్యూటీ సాధారణంగా 12 గంటలు దాటకూడదన్నాయి. 2024లో జాతీయ వైద్య కమిషన్ ఏర్పాటు చేసిన టాస్క్‌ఫోర్సు వారానికి 74 గంటలు మించవద్దని సిఫారసు చేసింది. ఈ రెండూ మీ డ్యూటీ రూముకు చేరలేదని మీ ఉత్తరమే చెబుతోంది. గంటల తగ్గింపు ఒక్కటే రోగిని కాపాడుతుందని కూడా నేను చెప్పలేను; అమెరికాలో 117 సర్జరీ శిక్షణ కార్యక్రమాల మీద 2016లో వచ్చిన పెద్ద పరిశీలనలో, కఠినమైన గంటల నియమాలకూ సడలించిన నియమాలకూ మధ్య రోగుల ఫలితాల్లో తేడా కనిపించలేదు. అలసట డాక్టరుకు చేసే చెరుపు వేరే సంగతి, అది ఒక్కటి చాలు మీ కోరిక న్యాయమైనదనడానికి.

మీ యూనిట్‌లో మీరు రేపే అడగదగినవి రెండున్నాయి. సాయంత్రం యూనిట్ పీజీలు వెళ్లిపోయే ముందు నైట్ డ్యూటీ పీజీకి ఓవర్ ఇచ్చేందుకు ఒక నిర్ణీత సమయం, అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకరు తప్పక ఉండడం. రెండోది, హౌస్ సర్జన్లు, పీజీలు విభాగాలు మారే రోజు. పాతవారు అందరూ ఒకేరోజు వెళ్లి కొత్తవారు అందరూ ఒకేరోజు వస్తే వార్డులో ఎవరి సంగతీ ఎవరికీ తెలియని ఒక పగలు, ఒక రాత్రి గడుస్తాయి. హౌస్ సర్జన్లు ఒకటో తేదీన మారితే పీజీలను ఎనిమిదో తేదీన మార్చడానికి ఖర్చేమీ లేదు.

ప్రశ్న: చిన్న పట్టణంలో ముప్పై పడకల నర్సింగ్ హోమ్ నడుపుతున్నాను. మీరు చెప్పేవన్నీ కార్పొరేట్ ఆసుపత్రులకే గదా? మాకు షిఫ్టుకు ఇద్దరు సిస్టర్లు, ఒక డ్యూటీ డాక్టరు. స్పెషలిస్టులు వారానికి రెండుసార్లు వచ్చి, మిగతా రోజులు ఫోన్‌లో, వాట్సాప్‌లో చెబుతారు.
— ఒక డాక్టరు, ఖమ్మం జిల్లా

జవాబు: డాక్టరుగారూ, మీకు ఒక సౌకర్యం ఉంది, నియమం పెట్టేవారూ, దాన్ని చూసేవారూ మీరొక్కరే. ఇరవై నిమిషాల అతివ్యాప్తి పెట్టి, దానికి జీతం ఇవ్వండి. ఎ4 కాగితం మీద ముప్పై వరుసల పట్టిక ముద్రించుకోండి. వారానికి రెండు రాత్రులు ఎనిమిది గంటల ఓవర్‌లో మీరే నిలబడి వినండి, మాట్లాడకండి.

మీ దగ్గర అసలు ప్రమాదం షిఫ్టు మార్పులో కంటే ఫోన్‌లో ఉంది. స్పెషలిస్టు ఫోన్‌లో చెప్పిన మందు పేరు, మోతాదు సిస్టర్ రాసుకుని, ఆయనకే తిరిగి చదివి వినిపించి, ‘అవును’ అన్న తరువాతే వేయాలి. ఆయన తరువాత వచ్చినప్పుడు సంతకం పెట్టాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశం ఓవర్ కాదు. ఎవరు చదివారో, ఎవరు బాధ్యత తీసుకున్నారో దానికి తెలియదు. రోగి పేరు, ఎక్స్‌రే ఫోటో ఇరవై మంది ఉన్న గ్రూపులో తిరగడం 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చిన తరువాత ఇంకా ఇబ్బందికరం. ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీహెచ్ చిన్న ఆసుపత్రులకు కూడా ప్రవేశస్థాయి ధ్రువీకరణ ఇస్తుంది. దానికి దరఖాస్తు చేసినా చేయకపోయినా, ఈ నాలుగు పనులకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

ప్రశ్న: నేను 108లో టెక్నీషియన్‌ను. క్యాజువాలిటీకి పేషెంటును తీసుకెళ్లాక ఎవరికి చెప్పాలో తెలియదు. స్ట్రెచర్ మారుస్తుండగా చెబితే ఎవరూ వినరు. కాగితం ఇస్తే టేబుల్ మీద పడేస్తారు. తరువాతి కాల్ వచ్చేస్తుంది.
— ప్రకాశం జిల్లా

జవాబు: 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పటి నుంచీ బండి ఎంత త్వరగా వచ్చిందని అందరూ కొలిచారు, బండిలో ఉన్న మాట క్యాజువాలిటీలోకి ఎంత చేరిందని అడిగినవారు తక్కువ.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో ఇదే ఇబ్బంది వేరే చోట వచ్చింది. గుండె ఆపరేషన్ అయిన పసిపిల్లలను థియేటర్ నుంచి ఐసీయూకు తెచ్చినప్పుడు వైర్లు, పైపులు, పంపులు మారుస్తూనే అందరూ ఒకేసారి మాట్లాడేవారు. అక్కడి డాక్టర్లు ఫార్ములా వన్ పందెంలో కారు పిట్‌లో ఆగినప్పుడు బృందం పనిచేసే తీరు టీవీలో చూసి, ఫెరారీ బృందం దగ్గరకు వెళ్లి నేర్చుకున్నారు. తరువాత పద్ధతి ఇలా మారింది: ముందు పరికరాలు అమర్చడం, ఆ సేపు వివరాలు చెప్పకపోవడం, తరువాత చేతులు ఆపి ఒక్కరు చెబితే అందరూ వినడం, అంతా ఎవరి ఆధ్వర్యంలో జరుగుతుందో ముందే తేల్చుకోవడం. 2007లో ప్రచురితమైన ఫలితాల్లో ఒక్కో ఓవర్‌కు సగటున 5.42గా ఉన్న సాంకేతిక పొరపాట్లు 3.15కు, వదిలేసిన సమాచారం 2.09 నుంచి 1.07కు తగ్గాయి. పట్టిన సమయం కూడా పెరగలేదు, ఒక నిమిషంపైగా తగ్గింది.

మీరు స్ట్రెచర్ మారుస్తూ చెప్పకండి. రోగి మంచం మీదకు చేరాక, ‘ఒక్క నిమిషం, 108 నుంచి చెబుతున్నాను’ అని గట్టిగా అని, ఎవరికి చెప్పారో ఆ పేరు మీ పత్రంలో రాయించుకోండి. అయితే మీరు ఎంత గట్టిగా అన్నా, ఈ గంటలో అంబులెన్సు రోగులను అందుకునేది ఎవరో క్యాజువాలిటీ బోర్డు మీద రాసి ఉండకపోతే మీ మాట గాలిలో కలిసిపోతుంది. ఆ బోర్డు పెట్టవలసింది ఆసుపత్రి. మీ జిల్లా సమన్వయ సమావేశంలో అడగవలసింది అదొక్కటే.

ప్రశ్న: అటెండెంటుగా ఉన్నవాళ్లం డ్యూటీలు మారేటప్పుడు ఏమైనా చేయగలమా? అడిగితే సిస్టర్లు విసుక్కుంటారేమో.
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఓవర్ మధ్యలో అడగకండి, అది అయిపోయాక కొత్త సిస్టర్ మొదటిసారి మంచం దగ్గరకు వచ్చినప్పుడు అడగండి. ‘ఆయనకు పెన్సిలిన్ పడదని మీకు చెప్పారా అమ్మా?’ అనో, ‘రాత్రి తొమ్మిదింటి ఇంజెక్షన్ మీరే ఇస్తారా?’ అనో, ఏదో ఒక్క ముఖ్యమైన సంగతి అడిగితే చాలు. రోగికి పడని మందులు, ఇంట్లో రోజూ వాడే మాత్రలు, మధుమేహం ఉంటే ఇన్సులిన్ మోతాదు ఒక చిన్న కాగితం మీద రాసి కేస్ షీట్‌లో పెట్టమని చేరిన రోజునే ఇవ్వండి. ఐసీయూ నుంచి వార్డుకు మార్చిన రోజు మాత్రం కాస్త ఎక్కువ శ్రద్ధగా ఉండండి. ఆ రోజు పడవలసిన మందులన్నీ పడ్డాయా అని సాయంత్రం లోపు ఒకసారి తప్పకుండా అడగండి, విసుక్కున్నా సరే.